అట్టమీద ఆమె పేరు

2017లో ఫ్రెంచి దర్శకుడు లూక్ బెస్సాన్ తీసిన 'వలేరియన్ అండ్ ద సిటీ ఆఫ్ ఎ థౌజండ్ ప్లానెట్స్' సినిమా చూశాను. పోస్టరు మీద ఇద్దరు మనుషులున్నారు. ఒక యువకుడు, ఒక యువతి. పేరు మాత్రం ఒక్కరిదే, అతనిది. సినిమాలో ఆమె కూడా చాలానే చేస్తుంది. పోట్లాడుతుంది, ఓడ నడుపుతుంది, ఎదురు చెబుతుంది. అయినా హాల్లోంచి బయటికొచ్చాక ఆమె పేరు గుర్తు తెచ్చుకోవడానికి కాస్త ఆలోచించాల్సి వచ్చింది. అలా ఆలోచించాల్సి వచ్చినందుకే నాకు సిగ్గనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో ఒక బొమ్మల కథల పుస్తకం దొరికింది. సినిమాకు ఆధారమైన కథే, ఇంగ్లీషు అనువాదం. అట్టమీద పెద్ద అక్షరాల్లో 'వలేరియన్ అండ్ లోరెలీన్' అని ఉంది. అక్కడే నిలబడి పేజీలు తిప్పుతూ పోతే ఇంకో సంగతి తెలిసింది. ఈ పుస్తకంలో మగవాడు తొలి పేజీల్లోనే కనిపించకుండా పోతాడు. మిగిలిన కథంతా ఆమెదే. వెతికేది ఆమె, బేరాలాడేది ఆమె, విసుక్కునేది ఆమె, తేల్చేది ఆమె. మరి సినిమాకొచ్చేసరికి ఈ కథ అతని కథ ఎలా అయింది? పుస్తకంలో ఉన్న పేరు పోస్టరు మీద నుంచి ఎలా జారిపోయింది?

ఆ రెండు ప్రశ్నలూ పట్టుకుని వెనక్కి వెళ్తే ఒక చిత్రకారుడి నలభయ్యేళ్ళ పని కనిపించింది. ఆ పనికి అటూ ఇటూ ఇద్దరు స్త్రీలు కనిపించారు. ఒకరు కాగితం మీది స్త్రీ. ఇంకొకరు ఆ కాగితానికి రంగు వేసిన స్త్రీ. సాహిత్య విద్యార్థులుగా మనం బొమ్మల కథల్ని పిల్లల సరుకని పక్కన పెడతాం. కానీ జనం ఊహల్లో స్త్రీ ఎలా ఉండాలో నిర్ణయించే పని మహా నవలలకంటే ఇలాంటి సరుకే ఎక్కువ చేస్తుంటుంది. అందుకే ఈ వ్యాసం.

చిత్రకారుడి పేరు ఝాన్-క్లోద్ మెజియేర్. 1938లో ఫ్రాన్సులో పుట్టాడు. రచయిత పియేర్ క్రిస్తాన్‌దీ అదే ఏడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాంబుల నుంచి తలదాచుకునే నేలమాళిగలో ఈ ఇద్దరూ చిన్నపిల్లలుగా కలిశారు. మెజియేర్ పారిస్‌లో అనువర్తిత కళల పాఠశాలలో చదివాడు. తర్వాత 'మోబియస్' పేరుతో ప్రపంచ ప్రసిద్ధుడైన ఝాన్ జిరో అక్కడ అతని సహాధ్యాయి. చదువయ్యాక అల్జీరియాలో నిర్బంధ సైనిక సేవ. వలస పాలన తన ఆఖరి రోజుల్లో ఎంత క్రూరంగా ఉంటుందో ఆ తరం ఫ్రెంచి యువకులు దగ్గర్నుంచి చూశారు. 1965లో చిన్నప్పటి కౌబాయ్ కలలు తీర్చుకోవడానికి అమెరికా వెళ్ళి పశువుల క్షేత్రంలో పనిచేశాడు. అప్పటికి క్రిస్తాన్ యూటా విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి సాహిత్యం బోధిస్తున్నాడు. పాత స్నేహితులిద్దరూ కలిసి అక్కడ్నుంచే ఒక కథ చేసి పారిస్‌లోని 'పిలోత్' వారపత్రికకు పంపారు. ఆస్టెరిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన రెనే గోసినీ ఆ పత్రికను నడుపుతున్న రోజులవి. తిరిగొచ్చాక ఈ ఇద్దరూ పశ్చిమ అమెరికా కథలు కాకుండా సైన్స్ ఫిక్షన్ ఎంచుకున్నారు. ఫ్రెంచి బొమ్మల కథల్లో అప్పటికి దానికి పెద్దగా చోటు లేదు. 1967 నవంబరు 9 నాటి 'పిలోత్'లో 'పీడకలలు' అనే ధారావాహిక మొదలైంది.

ఆ రోజుల్లో ఫ్రెంచి పిల్లల పత్రికల్లో స్త్రీల పరిస్థితి తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది. 1949 జూలైలో బాలల ప్రచురణల మీద ఒక చట్టం వచ్చింది. పిల్లల నీతిని కాపాడాలన్నది దాని ఉద్దేశం. నిఘా సంఘం కంట్లో పడకుండా ఉండటానికి సంపాదకులు కనిపెట్టిన సులువైన మార్గం, అసలు ఆడవాళ్ళే లేకుండా కథ నడిపించెయ్యడం. సాహసాలు చేసేది మగవాడు. వెంట ఒక మగ మిత్రుడు, లేదంటే ఒక కుక్క. స్త్రీ ఉంటే తల్లి, లేదా నవ్వులాటకు గయ్యాళి. ఆడదాని శరీరాన్ని ప్రమాదమనుకున్నప్పుడు ఆడదాని బుర్రను కూడా కథలోంచి తీసేస్తారు. దీనికి అవతలి కొసన ఝాన్-క్లోద్ ఫొరే 1962లో పెద్దల పత్రికలో మొదలుపెట్టిన 'బార్బరెల్లా' ఉంది. అంతరిక్షంలో తిరిగే స్వేచ్ఛా స్త్రీ. ఆమె స్వేచ్ఛలో పెద్ద భాగం బట్టలు విప్పడమే. అంటే పిల్లలకు స్త్రీ లేదు, పెద్దలకు స్త్రీ శరీరం ఉంది. ఈ రెంటికీ మధ్య మాట్లాడే స్త్రీకి చోటు లేదు.

'పీడకలలు' కథలో 28వ శతాబ్దపు మహానగరం గాలాక్సిటీ నుంచి వలేరియన్ అనే కాలయాత్రికుడైన ఉద్యోగి ఒక నేరస్తుణ్ణి తరుముకుంటూ వెయ్యో ఏటి ఫ్రాన్సుకు వస్తాడు. మాయల అడవిలో చిక్కుకుంటాడు. ఆ అడవి పిల్ల ఒకామె అతన్ని బయటపడేస్తుంది. పేరు లోరెలీన్. తర్వాత ఒక మంత్రం వల్ల ఆమె ఒంటికొమ్ము గుర్రమవుతుంది. ఆ రూపంలో ఆమెకు మనసులోని మాట చదివే శక్తి వస్తుంది. వలేరియన్ భవిష్యత్తు నుంచి వచ్చాడన్న రహస్యం ఆమెకు అలా తెలిసిపోతుంది. రహస్యం తెలిసినవాళ్ళను గతంలో వదిలిపెట్టకూడదు కాబట్టి ఆమెను తనతో తీసుకుపోక తప్పదు. ఇక్కడ నాకు నచ్చిందేమంటే, ఆమె ప్రేమ వల్ల కథలోకి రాలేదు. తెలుసుకున్నందువల్ల వచ్చింది.

రచయితల ఉద్దేశంలో ఆమె ఆ ఒక్క కథకే. కానీ పాఠకులకు ఆమె నచ్చింది. ఆమెను ఉంచక తప్పలేదు. మధ్యయుగపు పేరులా వినిపించాలని ఈ ఇద్దరూ కల్పించుకున్న 'లోరెలీన్' అన్న పేరును తర్వాతి కాలంలో ఫ్రెంచి తల్లిదండ్రులు నిజంగానే ఆడపిల్లలకు పెట్టుకున్నారు. అంతటి ఆదరణ ఉన్నా ఆమె పుట్టుక చెప్పే ఈ మొదటి కథ, ధారావాహికలో ఒక విడి సంపుటంగా 2000 సంవత్సరంలో గానీ రాలేదు. అంటే ముప్ఫయ్యేళ్ళకు పైగా సంపుటాలు కొనుక్కుని చదివిన మామూలు పాఠకులకు ఆమె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే కథ తేలిగ్గా అందుబాటులో లేదు. ధారావాహిక పేరు కూడా 'వలేరియన్, స్థలకాల ఏజెంటు' అనే ఉండిపోయింది.

తర్వాతి సంవత్సరాల్లో ఫ్రాన్సు మారింది. 1968 మే ఉద్యమం. 1970 ఆగస్టులో పారిస్ విజయతోరణం దగ్గర స్త్రీలు పూలగుచ్ఛం పట్టుకుని వెళ్ళి, అజ్ఞాత సైనికుడికంటే అజ్ఞాతురాలు అతని భార్య అని గుర్తుచేశారు. 1971 ఏప్రిల్‌లో 343 మంది స్త్రీలు తాము గర్భస్రావం చేయించుకున్నామని పేర్లు పెట్టి ప్రకటించారు. 1975 జనవరిలో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన వేయ్ చట్టం వచ్చింది. లోరెలీన్ ఎదిగింది సరిగ్గా ఈ ఏళ్ళలోనే. ఉద్యమం నుంచి రచయితలు నేరుగా ఏదో తీసుకున్నారని నేను అనను. ఊళ్ళో గాలి మారినప్పుడు కాగితం మీది మనుషులు కూడా కదులుతారు. అంతవరకే నా మాట.

1972లో సంపుటంగా వచ్చిన 'అల్ఫ్లోలోల్‌కు స్వాగతం' చూడండి. భూమివాళ్ళు ఒక గ్రహాన్ని ఆక్రమించి మొత్తం కర్మాగారంగా మార్చేస్తారు. దానికి టెక్నోరోగ్ అని పేరు పెట్టుకుంటారు. వేల ఏళ్ళు బతికే ఆ గ్రహపు అసలు మనుషులు సుదీర్ఘమైన విహారయాత్ర ముగించుకుని ఒకరోజు ఇంటికొస్తారు. ఇల్లు లేదు. చట్టం ప్రకారం భూమి వాళ్ళదే. అయినా గవర్నరు వాళ్ళను ఒక మూలకు నెట్టి, తిండి కావాలంటే పనిచెయ్యమంటాడు. లోరెలీన్ ఏ తటపటాయింపూ లేకుండా వాళ్ళ పక్షాన నిలబడుతుంది. వలేరియన్ ఉద్యోగధర్మానికీ ఆమె చూపుకీ మధ్య నలిగిపోతాడు. అతను చెడ్డవాడేమీ కాదు. చెప్పిన పని చేసే మంచివాడు. అధికారం ఎప్పుడూ ఇలాంటి మంచివాళ్ళ చేతులమీదుగానే నడుస్తుంది. ఈ సంగతి పిల్లలు చదివే పత్రికలో, ఇద్దరు సహోద్యోగుల తగాదాగా చెప్పడం చిన్న విషయం కాదు. ఆ తగాదాలో ఒప్పు ఎవరివైపుందో పాఠకులకు సందేహం లేకుండా చేశారు.

అన్నీ ఇంత బాగున్నాయని కాదు. అదే ఏడు వచ్చిన 'నక్షత్రం లేని దేశం'లో ఒక గ్రహం మీద రెండు నగరాలుంటాయి. ఒకటి ఆడవాళ్ళు పాలించేది, రెండోది మగవాళ్ళు పాలించేది. ఎడతెగని యుద్ధం. రెండు చోట్లా ఏలేవాళ్ళు నిరంకుశులే, రెండు చోట్లా అవతలి జాతి బానిసలే. లోరెలీన్ మగవాళ్ళ నగరంలో రాజు మెప్పు సంపాదించే అందగత్తె వేషం వెయ్యాల్సి వస్తుంది. వేషం వేస్తూనే లోపల్లోపల మండిపడుతుంటుంది, ఆ కోపం నవ్వు పుట్టిస్తుంది. కానీ ఈ 'రెండు వైపులా సమానమే' అన్న వ్యంగ్యం నాకు ఇబ్బందిగా అనిపిస్తుంది. చరిత్రలో ఎక్కడా లేని స్త్రీల నిరంకుశత్వాన్ని, వేల ఏళ్ళుగా ఉన్న పురుషాధిపత్యం పక్కన తక్కెడలో పెట్టి సరితూచడం 1972 నాటి మంచి మగవాడి ఊహ. స్త్రీల ఉద్యమాన్ని చూసి భయపడకుండా నవ్వడానికి ప్రయత్నిస్తున్న మగవాడి ఊహ. అలాంటి నవ్వు మన దగ్గరా విన్నదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మెజియేర్ లోరెలీన్‌ను అందంగా గీశాడు. ఎప్పుడూ అందంగానే గీశాడు. వలేరియన్ దెబ్బలు తిన్నా, మసిబారినా, క్లోనులుగా మారి ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోయినా ఫరవాలేదు. లోరెలీన్ మాత్రం ఎర్రజుట్టు చెదరకుండా, సన్నగా, పడుచుగా ఉంటుంది. ఆమెకు రకరకాల వేషాలు తొడగడంలో చిత్రకారుడి సరదా దాచినా దాగదు. ఆమె బుద్ధికి స్వేచ్ఛ ఇచ్చిన చెయ్యి ఆమె వయసుకు ఇవ్వలేదు. ఇది చెప్పకుండా ఆమెను 'స్త్రీవాద నాయిక' అని పొగిడేస్తే మనం సగమే చదివినట్టు.

ఇవన్నీ చెప్పుకున్నాక 1975 నాటి 'నీడల రాయబారి' దగ్గరికి వస్తాను. నాకు ఆబిడ్స్‌లో దొరికింది ఇదే. విశ్వంలోని జాతులన్నీ కలిసే ఒక మహా కూడలి ఉంటుంది, పేరు పాయింట్ సెంట్రల్. ఒక్కొక్క జాతి వచ్చి తన గది కట్టుకుని పాతదానికి అతికిస్తూ పోగా పెరిగిపోయిన కృత్రిమ లోకం అది. అక్కడి సభకు అధ్యక్షత వహించే వంతు భూమికి వస్తుంది. ఆ వంతును అడ్డుపెట్టుకుని అందరిమీదా పెత్తనం సాగించాలన్నది భూమి రాయబారి పథకం. అతను వచ్చీరాగానే ఎవరో ఎత్తుకుపోతారు, కాపలా ఉన్న వలేరియన్‌తో సహా. మిగిలింది లోరెలీన్. ఆమె వెనక ఒక పిరికి ప్రోటోకాల్ అధికారి, చేతిలో గొణుగుతూ ఉండే ఒక చిన్న జంతువు. ఆ జంతువుకు ఒక ముత్యమో నాణెమో తినిపిస్తే అలాంటివే బోలెడు కని ఇస్తుంది. పనికి అలిసిపోతుంది, మొరాయిస్తుంది.

ఇక కథంతా నడకే. ఒక జాతి గదిలోంచి ఇంకో జాతి గదిలోకి. సమాచారం అమ్ముకునే షింగూజ్ అనే ముగ్గురు పిట్టముక్కుల దళారులతో బేరం. ఎక్కడ ఎంత ఇవ్వాలో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ గదమాయించాలో ఆమెకు తెలుసు. తుపాకి వాడే అవసరం తక్కువ. సంత చేసుకొచ్చే ఆడమనిషి నేర్పు అది. వీరుల కథల్లో ఈ నేర్పు ఎప్పుడూ ఎవరూ లెక్కపెట్టనిది. అడిగి తెలుసుకోవడం, ఓపిక పట్టడం, ఎదుటివాడి అవసరం కనిపెట్టడం, అలిసిపోయిన జంతువును బుజ్జగించడం. ఇవే ఇక్కడ కథను ముందుకు తోసే పనులయ్యాయి. మెజియేర్ బొమ్మ గొప్పదనం కూడా ఇక్కడే తెలుస్తుంది. ప్రతి గదికీ వేరే వెలుగు, వేరే కట్టడం, వేరే రకం జీవులు. పేజీ నిండా గుంపు. ఆ గుంపులో చిన్నగా ఆమె. చిన్నగా ఉన్నా కన్ను నేరుగా ఆమె దగ్గరికే పోతుంది. చివరికి రాయబారి తన పెత్తనపు కలను వదిలేసి తిరిగొస్తాడు. భూమి ప్రయత్నం వమ్మవుతుంది. సామ్రాజ్యం గెలవలేదన్నదే ఈ కథకు శుభం.

ఆ గదుల వెలుగు గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక పేరు చెప్పకుండా దాటడానికి వీల్లేదు. ఎవెలీన్ త్రాన్లే. ఈ ధారావాహికకు దశాబ్దాల పాటు రంగులు వేసింది ఆమె. మెజియేర్‌కు సోదరి. కంప్యూటర్లు రాకముందు ఫ్రెంచి బొమ్మల కథలకు రంగు వెయ్యడమంటే ఏమిటో తెలుసుకుంటే ఆ పని బరువు అర్థమవుతుంది. చిత్రకారుడి గీతల్ని లేత నీలం రంగులో ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చేవారు. నల్లగీతలు వేరే పారదర్శకమైన ఫిల్ము మీద ఉండేవి. ఆ లేత నీలం గీతల మీద కుంచెతో నీటిరంగులు వెయ్యాలి. ఫిల్మును పైన పరిచి చూసుకోవాలి. ఒక పేజీలో పది గడులుంటే పదీ ఒకదాని పక్కన ఒకటి కుదరాలి. పేజీ తిప్పినప్పుడు గ్రహం మారిందని చదివేవాళ్ళకు మాట అవసరం లేకుండానే తెలియాలి. చూసినవాళ్ళు లేని లోకానికి ఆకాశం ఏ రంగులో ఉంటుంది? ఊదానా, ఆవపూల పసుపా? ఇది అలంకారం కాదు, కథనం.

అయినా ఆ రోజుల్లో ఈ పనిని 'రంగులు నింపడం' అనేవారు. ఫ్రెంచి బొమ్మల కథల పరిశ్రమలో ఇది చాలావరకు స్త్రీలు చేసిన పని. చిత్రకారుల భార్యలు, అక్కచెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు. ఇంట్లోనే బల్లమీద, ఇంటి పనుల మధ్య చేసుకోగల పని కాబట్టి వాళ్ళకు వచ్చింది. వాళ్ళు చేస్తారు కాబట్టి తక్కువ పనిగా మిగిలిపోయింది. ఏది ముందు, ఏది వెనక అని అడిగితే మనకు అలవాటైన జవాబే. త్రాన్లే పేరు పుస్తకాల్లో లేకపోలేదు, ఉంది. కానీ ఈ ధారావాహిక గురించి మాట్లాడేటప్పుడు లోకం 'మెజియేర్, క్రిస్తాన్' అంటుంది. 'మెజియేర్, క్రిస్తాన్, త్రాన్లే' అన్నవాళ్ళు తక్కువ. ప్రశంసించేవాళ్ళు ఆ లోకాల రంగుల్ని పొగిడి, ఆ పొగడ్తను చిత్రకారుడి ఖాతాలో వేస్తారు. స్త్రీల చరిత్ర రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు మనం నేర్చుకున్న మొదటి పాఠం, అట్టమీది పేరు దగ్గర ఆగిపోకూడదని. ఇక్కడా అదే.

మగ చిత్రకారుడు గీసిన స్త్రీ ఒక ఎత్తు. స్త్రీలే గీసుకోవడం ఇంకో ఎత్తు. లోరెలీన్ పేరు మారుమోగుతున్న ఏళ్ళలోనే, 1976లో, పారిస్‌లో 'ఆ! నానా' అనే బొమ్మల కథల పత్రిక మొదలైంది. అందులో గీసినవాళ్ళు దాదాపు అందరూ స్త్రీలే. షాంతాల్ మోంతెలియే లాంటి పదునైన రాజకీయ చిత్రకారిణి అక్కణ్ణుంచి ఎదిగింది. తొమ్మిది సంచికలే వచ్చాయి. 1978లో దాన్ని మైనర్లకు అమ్మకూడదని ఆంక్ష పెట్టారు. దాంతో పత్రిక బతకలేదు. ఆంక్షకు ఆధారం నేను పైన చెప్పిన ఆ 1949 చట్టమే. మగవాళ్ళ పత్రికల్లో నగ్న స్త్రీలు యథేచ్ఛగా తిరుగుతున్న రోజుల్లో, స్త్రీలు తమ శరీరాల గురించి తామే మాట్లాడుకునే పత్రిక మీద పడింది ఆ చట్టం. 1985లో మోంతెలియే, ఫ్లోరెన్స్ సెస్తాక్, నికోల్ క్లావెలూ, ఝాన్ పుషోల్ కలిసి బొమ్మల కథల్లో పెరిగిపోతున్న స్త్రీద్వేషాన్ని ఖండిస్తూ 'ల మోంద్' దినపత్రికలో ప్రకటన ఇచ్చారు. మెజియేర్‌కు అంగులేమ్ ఉత్సవం వారి మహా పురస్కారం వచ్చింది అంతకు ముందు ఏడే, 1984లో. అతనికి రావడం న్యాయమే. కానీ 1974లో మొదలైన ఆ ఉత్సవంలో ఏటేటా ఇచ్చే ఆ పురస్కారం ఒక స్త్రీకి, ఫ్లోరెన్స్ సెస్తాక్‌కు, దక్కడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. 2016లో అదే పురస్కారానికి పరిశీలించిన 30 పేర్లలో ఒక్క స్త్రీ పేరూ లేకపోతే పెద్ద గొడవే అయింది. కాగితం మీది స్త్రీని నెత్తిన పెట్టుకున్న లోకానికి కాగితం ముందు కూర్చున్న స్త్రీ కనబడటానికి అంత కాలం పట్టింది.

మెజియేర్ ప్రభావం గురించి రాసేవాళ్ళందరూ 'స్టార్ వార్స్' దగ్గర మొదలుపెడతారు. 1971 నాటి 'వెయ్యి గ్రహాల సామ్రాజ్యం'లో శిరస్త్రాణం తీస్తే కాలిపోయిన ముఖం కనిపించే పాలకులున్నారు. ద్రవపు ముద్దలో బిగుసుకుపోయిన నాయకుడున్నాడు. 1977 నుంచి వచ్చిన స్టార్ వార్స్ సినిమాల్లో వీటిని పోలినవి చూసి ఫ్రెంచి పాఠకులు చాలాకాలం చర్చించుకున్నారు. 'నక్షత్రం లేని దేశం'లో లోరెలీన్ వేసుకున్న వేషానికీ, 1983 సినిమాలో బానిసగా లేయా రాకుమారి ధరించిన బట్టలకూ పోలిక చూపించినవాళ్ళున్నారు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న తీర్పు నేను చెప్పబోవడం లేదు. అయితే ఆ పోలికల జాబితాలో లోరెలీన్ వంతుకు వచ్చింది బట్టలే. ఆమె బేరాలాడే తీరు, గవర్నరును నిలదీసిన తీరు జాబితాకెక్కలేదు. మెజియేర్ ఈ సంగతికి నవ్వుతూ జవాబిచ్చాడు. 1983లో 'పిలోత్'లో ఒక బొమ్మ వేశాడు. అంతరిక్షపు సారాకొట్టులో రెండు జంటలు ఎదురుపడతాయి. లేయా ఆశ్చర్యపోతే, మేం ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నామని జవాబు వస్తుంది. ఆ జవాబు చెప్పేది లోరెలీన్.

తర్వాత లూక్ బెస్సాన్. 1997 నాటి 'ఫిఫ్త్ ఎలిమెంట్' సినిమాకు మెజియేర్, మోబియస్ ఇద్దరూ లోకాల నమూనాలు గీశారు. ఎగిరే టాక్సీల ఆలోచన మెజియేర్ పేజీల్లోంచి వచ్చింది. ఆ సినిమా నాయిక లీలూ విశ్వాన్ని కాపాడే పరిపూర్ణ జీవి. కానీ ఆమె ఒంటిమీద గుడ్డ అంతంత మాత్రం, నోట్లో మాట అంతకంటే తక్కువ. నాయకుడి భాష నేర్చుకుంటూ, చివరికి అతని ప్రేమ దొరికాకే బతకాలన్న కోరిక తెచ్చుకునే స్త్రీ ఆమె. 1967లో అడవి పిల్ల నోరు తెరవగానే మాటలతో మగవాణ్ణి తడబెట్టింది. ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఆ లోకాల్ని అరువు తెచ్చుకున్న సినిమాలో నాయిక మాటలు కూడబలుక్కుంటోంది. భవిష్యత్తును గీసినంత మాత్రాన ముందుకు పోయినట్టు కాదు.

2007లో ఈ ధారావాహికకు నలభయ్యేళ్ళు నిండాయి. ఆ సందర్భంగా పేరు మార్చారు. 'వలేరియన్, లోరెలీన్' అయింది. ఆమె వచ్చింది మొదటి కథలోనే, అట్టమీదికి ఎక్కింది నలభయ్యో ఏట. ఆ ఏడే మోంతెలియే, పుషోల్ తదితరులు స్త్రీలు గీసిన బొమ్మల కథలకోసం 'ఆర్తెమీసియా' పురస్కారాన్ని స్థాపించారు. ఒకచోట పేరు ఇచ్చారు, ఇంకోచోట పేరు తెచ్చుకున్నారు. రెంటికీ తేడా ఉంది. 2010లో 21వ సంపుటంతో ప్రధాన కథ ముగిసింది. మెజియేర్ 2022 జనవరిలో, క్రిస్తాన్ 2024 అక్టోబరులో కన్నుమూశారు.

ఇప్పుడు మళ్ళీ సినిమా దగ్గరికి. పదేళ్ళప్పుడు 'పిలోత్'లో ఈ కథలు చదివాననీ, లోరెలీన్‌ను ప్రేమించాననీ బెస్సాన్ స్వయంగా చెప్పుకున్నాడు. అబద్ధమని నేననుకోను. ఆ ప్రేమతోనే ఆ కాలానికి యూరప్‌లో అతి ఖరీదైన సినిమా తీశాడు. 'నీడల రాయబారి' కథ తీసుకుని, దానికి 'వెయ్యి గ్రహాల' పేరు తగిలించాడు. అందులో వలేరియన్ మేజర్, లోరెలీన్ సార్జెంట్. అతను కనిపించకుండా పోవడం ఇందులోనూ ఉంది, ఆమె వెతకడమూ ఉంది. కానీ ఆ వెతుకులాట నిమిషాల్లో తేలిపోతుంది. వెంటనే సీతాకోకచిలుకల ఎరకు చిక్కి ఆమె బందీ అవుతుంది. తెల్లగౌను, పెద్ద టోపీ తొడిగి ఆమెను ఒక రాజు భోజనానికి పంపుతారు. అతను వచ్చి కాపాడతాడు. మొదట్నుంచీ అతను పెళ్ళికి ఒప్పించే ప్రయత్నంలో ఉంటాడు. పుస్తకంలో ఆమె ప్రశ్న, ఇతనూ రాయబారీ ఎక్కడున్నారు, మా వాళ్ళు చేస్తున్న పని న్యాయమేనా అని. సినిమాలో ఆమె ముందున్న ప్రశ్న, ఇతన్ని పెళ్ళి చేసుకోవాలా వద్దా అని. ఇక పోస్టరు మీద ఒక పేరే ఉండటంలో ఆశ్చర్యమేముంది? లోపల కథ మారితే అట్టమీద పేరు దానంతటదే చెరిగిపోతుంది. ప్రేమించడం, వినడం ఒకటి కాదు. చాలామంది మగవాళ్ళు మనల్ని ప్రేమిస్తూనే మన మాట వినకుండా ఉండగలరు.

ఈ పేరు సంగతి నన్నింతగా పట్టుకోవడానికి కారణం ఒకటుంది. పరిశోధన చేస్తున్న రోజుల్లో ఒక వ్యాస సంకలనానికి పనిచేశాను. వ్యాసాలు సేకరించాను, ప్రూఫులు దిద్దాను, రచయితలకు ఉత్తరాలు రాశాను, ముందుమాటలో సగం పేరాలు నావే. పుస్తకం వచ్చాక అట్టమీద ఇద్దరి పేర్లున్నాయి. నా పేరు నాలుగో పేజీలో, డి.టి.పి. చేసినవారి పేరు పక్కన, 'సహకారం' అన్న మాట కింద ఉంది. అడిగితే, "పేరుదేముందమ్మా, పని అందరికీ తెలుసు కదా!" అన్నారు. తెలియదు. ఇవాళ ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్ళెవరికీ తెలియదు. ఆ రోజు నేను నవ్వి ఊరుకున్నాను.

పేరు వల్ల అంతా మారిపోతుందని కాదు. అట్టమీద పేరు లేని రోజుల్లోనే లోరెలీన్ తన గొప్ప ప్రయాణాలు చేసింది. పేరు వచ్చాక కూడా, పదేళ్ళు తిరక్కుండానే అది సినిమా పోస్టరు మీంచి పోయింది. ఎవరో దయతో ఇచ్చిన పేరును ఇంకెవరో అంత తేలిగ్గానూ తీసెయ్యగలరు. అందుకే చదివే మనం లెక్క రాసుకుంటూ ఉండాలి. ఈ ఏడు నా క్లాసులో 'నీడల రాయబారి' నాలుగు పేజీలు జెరాక్స్ తీసి పంచాను. పిల్లలు రచయిత పేరు రాసుకోవడానికి పెన్నులు తీశారు. బోర్డుమీద మూడు పేర్లు రాశాను. క్రిస్తాన్, మెజియేర్, త్రాన్లే. ఒకమ్మాయి లేచి, "మేడమ్, మూడో ఆయన ఏం చేశాడు?" అని అడిగింది.

"ఆయన కాదు" అని మొదలుపెట్టి పాఠం చెప్పాను.